నవ్వించకుండా చెప్పాల్సిన సంగతి

14 ఫిబ్రవరి 2006, మంగళవారం

ఆస్పత్రికి వెళ్ళాం. గొట్టం వేశారు. ఇంటికి వచ్చాం. ఇంతకన్నా రాయవలసింది లేదు.

15, బుధవారం

లేదన్నాను గాని, ఉంది. జ్వరం. మూత్రానికి వెళ్ళినప్పుడల్లా గాజుపెంకు జారుతున్నట్టుంది. ఎరుపు పడుతోంది. ఇమాం బీ చెంబుడు బార్లీ నీళ్ళు తెచ్చి తాగమంటుంది. "తాగితే మళ్ళీ పోవాలి కదే" అన్నాను. "పోవడానికేగా తాగడం" అంది. నలభై ఏడేళ్ళుగా ఆవిడతో వాదనలో గెలవలేదు, ఇప్పుడు ఒంట్లో ఓపిక కూడా లేదు.

ఈ డైరీ ఎరువుల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చింది. ప్రతి పేజీ అడుగునా రైతుకొక సలహా ఉంటుంది. ఇవాళ్టి పేజీలో కాండం తొలిచే పురుగు గురించి రాశారు. నా సంగతి వీళ్ళకెవరు చెప్పారో!

నేను రెండో తరగతిదాకా బడికి వెళ్ళాను. తరవాతి చదువంతా గోడమీది పోస్టర్లూ, పొట్లాల కాగితాలూ, బుర్రకథ పుస్తకాలూ. అందుకని జబ్బు పేరు రాయబోతే తప్పు పోతుంది. మూత్రం దారి ఇరుకైంది. సన్నటి గొట్టంలో దీపం పెట్టి లోపల చూసి, ఆ ఇరుకును సాగదీస్తారు. ముందు మొద్దుబారడానికి జిగురులాంటి మందు ఎక్కిస్తారు. అది పట్టేదాకా ఆగాలట. నాతో వచ్చిన మా చిన్నమ్మాయి ఆయేషా తరవాత కాంపౌండరును అడిగి తెలుసుకుంది.

డాక్టరు ఈ ఊరాయన కాడు. మంగళవారం పొద్దున మా తెనాలి, మధ్యాహ్నం బాపట్ల, శనివారం రేపల్లె. ఆ తిరుగుడు నాకు తెలియనిది కాదు. మా బుర్రకథ దళం కూడా ఒక్కోనాడు రెండూళ్ళు ఒప్పుకునేది. అట్లాంటప్పుడు మొదటి ఊళ్ళో యుద్ధం ఎత్తేసి, రాజును తిన్నగా సింహాసనం ఎక్కించేవాళ్ళం. డాక్టరుగారు ఆగడం ఎత్తేశారు.

పడుకుంటాను.

17, శుక్రవారం

జ్వరం తగ్గింది. టీకొట్టు వెంకటరత్నం మరో నలుగురిని వెంటేసుకుని చూడ్డానికి వచ్చాడు. "ఏం జరిగింది మావా?" అన్నాడు. అడగడమే పాపం, నేను మంచం మీద లేచి కూర్చున్నాను.

"బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు రెండూ ఉట్టికి కట్టినట్టు పైకి కట్టారా? డాక్టరుగారు చెవికీ భుజానికీ మధ్య సెల్‌ఫోను ఇరికించుకుని బాపట్లలో ఇంటిస్థలం బేరమాడుతున్నారు. చేతులు మాత్రం నా దగ్గరున్నాయి. 'రోడ్డు ఎంత వెడల్పండీ?' అన్నారు ఫోనులో. 'ఇరుకే బాబూ, అందుకేగా వచ్చాను!' అన్నాను నేను."

వెంకటరత్నం గోడకు చేరగిలబడిపోయాడు. ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ తరవాత నా కేక ఏ శ్రుతిలో మొదలై ఎక్కడిదాకా వెళ్ళిందో పాడి వినిపించాను. పక్కింటివాళ్ళు కూడా వచ్చారు.

బుర్రకథలో నడిమి చోట తంబుర పట్టుకుని నిలబడేది కథకుడు. అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒక వంత లోకం సంగతులు చెప్తాడు, రెండో వంత నవ్విస్తాడు. ముప్పై ఏళ్ళు ఆ రెండో వంతను నేనే. డక్కీ అటక మీద ఉంది, నోరు ఎక్కడికీ పోలేదు. ఇవాళ ఎంత హాయిగా ఉందో! నొప్పి సగం పోయింది.

19, ఆదివారం

మారీసుపేటలో వెంకటరత్నం కొట్టు దగ్గర మళ్ళీ చెప్పాను. మెరుగులు పెట్టాను. కాళ్ళు పట్టుకున్న ఇద్దరు వార్డుబాయిలకు పొడుగూ పొట్టీ వేషాలు వేశాను. జనం రోడ్డు మీదిదాకా నిలబడ్డారు. ఆటోవాడు హారన్ కొట్టి, తరవాత తనే దిగొచ్చి విన్నాడు.

ఆ గుంపులో అమృతలూరు బసవేశ్వరరావుగారు ఉన్నారు. బసవయ్యగారంటాం. ఆ రోజుల్లో వాళ్ళ ఊళ్ళో మా కథ పెట్టించేది ఆయనే. అప్పట్నించీ నన్ను బావా అంటారు. ఆయనకూ ఇదే జబ్బు. ఏడాదిగా డాక్టరు పేరెత్తితే పొలంలో పనుందని వెళ్ళిపోతారట.

నవ్వీ నవ్వీ దగ్గు వచ్చి, "బావా, నువ్వింత సరదాగా చేయించుకొచ్చావు, నాకేం రోగం?" అన్నారు.

"రోగమేగా బావగారూ" అన్నాను. మళ్ళీ నవ్వులు.

"అయితే నేనూ వెళ్తా. మా తులసి బాపట్లలోనే కదా ఉండేది. అక్కడే చేయించుకుంటా" అన్నారు. తులసి ఆయన కూతురు.

ఒక మనిషికి ధైర్యం చెప్పాను! ఇంటికి నడిచే వచ్చాను.

21, మంగళవారం

ఆయేషా సాయంత్రం వచ్చి కూర్చుంది. నేను కథ ఎత్తుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నాన్నా, నేను ఆ తలుపు బయటే ఉన్నాను. నాకు నవ్వు రాలేదు."

కాసేపు బార్లీ నీళ్ళు తాగాను.

"కంప్లైంటు ఇవ్వాలి నాన్నా. మందు పట్టకుండా ఎట్లా చేస్తారు? ఫోను మాట్లాడుతూ ఎట్లా చేస్తారు?"

"ఇస్తే?" అంది ఇమాం బీ వంటింట్లోంచి. "నెలకోసారి సాగదీయించుకోవాలని చెప్పారు. మార్చి పద్నాలుగున మళ్ళీ అదే బల్ల ఎక్కాలి. చెయ్యి వాళ్ళది, ఒళ్ళు ఈయనది. కాగితమిచ్చి వాళ్ళకు కోపం తెప్పించి, ఆ చేతికిందే పడుకోమంటావా?"

ఇద్దరిదీ నిజమే. కానీ కంప్లైంటు అన్న మాట వినగానే నాకు రక్తం పరుగెత్తింది. డెబ్బై ఒక్క ఏళ్ళలో నేను ఎవరిమీదా కంప్లైంటు ఇవ్వలేదు. రేషను షాపులో రాళ్ళ బియ్యం పోస్తే ఆ రాళ్ళమీద ఒక పిట్టకథ కట్టాను గాని కాగితం పెట్టలేదు. ఇప్పుడు పెడితే? గుంటూరుదాకా వెళ్తుందేమో! పేపర్లో వేస్తారేమో! పాసుపోర్టు ఫొటో ఒకటి తీయించుకోవాలి.

రేపల్లె వెళ్ళి జ్ఞానానందం అన్నయ్యతో రాయిస్తాను. మా దళంలో కథకుడు ఆయనే. దళం పోయాక కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. కథా తెలుసు, కాగితమూ తెలుసు.

24, శుక్రవారం

పొద్దున పాసింజరులో రేపల్లె. కిటికీ పక్క సీటు దొరికింది. భట్టిప్రోలు దగ్గర మినుము పీకుతున్నారు. ఆ ఊళ్ళో ఒకసారి వర్షం వచ్చి వేదిక కూలితే, కూలిన వేదిక మీద నిలబడే... వద్దు, అది మొదలుపెడితే రేపల్లె చేరను.

అన్నయ్య వసారాలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. చత్వారపు కళ్ళద్దాలు, అదే గొంతు. కూర్చోగానే చెప్పడం మొదలుపెట్టాను. ఇంటిస్థలం దగ్గరికి వచ్చేసరికి ఆయన కూడా నవ్వాడు. నాకు పండగ. అయిపోయాక కలం మూత పెట్టేశాడు.

"ఒరే సైదా, దీన్ని కాగితం మీద పెడితే ఆ డాక్టరు ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తాడు. ఇందులో నీకు నొప్పెక్కడుంది?"

"ఉంది అన్నయ్యా, ఆ కేకలో..."

"ఆ కేక నువ్వు రాగం తీశావు."

లోపలికి వెళ్ళి తంబుర తెచ్చాడు. తీగలు ఎప్పుడో తెగిపోయాయి, ఒట్టి బుర్ర. దాన్ని నా భుజాన పెట్టి, నన్ను వసారా మధ్యలో నిలబెట్టి, తను నా ఎడమ పక్కకు వచ్చాడు.

"ఇవాళ కథకుడివి నువ్వు. నేను వంత. పద్ధతి తెలుసుగా? నడిమి చోట నిలబడ్డవాడు జోకు వెయ్యకూడదు. ఆ పని పక్కవాడిది. నేను వెయ్యను. ఊఁ. గదిలోకి తీసుకెళ్ళారు. అప్పుడేమైందయ్యా?"

ముప్పై ఏళ్ళు ఆ మాట అడిగినవాణ్ణి నేను. ఎవరూ నన్ను అడగలేదు. నోరు తెరిచాను, నాకు తెలిసిన మాటేదీ రాలేదు.

"అప్పుడేమైందయ్యా?" అన్నాడు మళ్ళీ, తాళం తప్పకుండా.

చెప్పాను. అది ఇక్కడ రాయను. అన్నయ్య రాశాడు. ఒకటిన్నర పేజీ. ఒక్క మెరుపు లేదు, ఒక్క పిట్టకథ లేదు. చదివితే ఎవరో ముసలాయనకు జరిగినట్టుంది.

కంప్లైంటు తయారు! రైల్లో దాన్ని రెండుసార్లు తీసి చూసుకున్నాను. మంగళవారం డాక్టరుగారు తెనాలిలో ఉంటారు. చేతికే ఇస్తాను.

28, మంగళవారం

ఏమి సభ! ఏమి సభ!

వెళ్ళేసరికి ఓ.పి. అయిపోయింది. మేనేజరు నరసింహం, "రండి పెద్దాయనా, ఏదో చెప్పాలన్నారట" అని గదిలో కూర్చోబెట్టాడు. డాక్టరుగారు అక్కడే ఇడ్లీ తింటున్నారు. నర్సు సుందరమ్మ గుమ్మంలో నిలబడింది. ముగ్గురు. ముగ్గురుంటే చాలు నాకు.

"మొన్న గొట్టం వేసినప్పుడు జరిగిన సంగతండి" అన్నాను. డాక్టరుగారు తల ఎత్తి, నవ్వు మొహం పెట్టి, "చెప్పండి తాతగారూ" అన్నారు. ఆ నవ్వు మొహం పెట్టకుండా ఉండాల్సింది. ఎదటివాడి పెదవి అట్లా కదిలిందంటే నా నాలుక నా చేతిలో ఉండదు. ఇంటిస్థలం రోడ్డు దగ్గర ఆయనకు ఇడ్లీ ముక్క పొలమారింది. సుందరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వార్డుబాయిల వేషాలు వేస్తుంటే ఆ వార్డుబాయిలే వచ్చి నిలబడ్డారు. నరసింహం టీ తెప్పించాడు.

"మీలాంటి పేషెంటు వారానికొకరుంటే చాలు తాతగారూ, మాకు అలసట తెలీదు" అన్నారు డాక్టరుగారు, భుజం తట్టి. కారుదాకా నన్ను పక్కన నడిపించుకుంటూ వెళ్ళారు. అంత పెద్ద డాక్టరు!

ముప్పై ఏళ్ళలో ఇంత దగ్గరి సభ చేయలేదు.

1 మార్చి, బుధవారం

కాగితం ఇవ్వలేదు.

2, గురువారం

బసవయ్యగారు వెంకటరత్నం కొట్టుకు ఫోను చేసి నన్ను పిలిపించారు. వచ్చే మంగళవారం మధ్యాహ్నం ఖాయమైందట, బాపట్లలో. ఆయనే, ఆ డాక్టరే.

"రేపల్లెలో శనివారం చేస్తానన్నాడు బావా. నేనే మంగళవారం అన్నా. తులసి దగ్గర ఉంటుందిగా."

"గుండె మాత్రలు వేసుకుంటున్నారుగా బావగారూ, చెప్పారా?"

"చెప్పా. ఏం పర్లేదన్నాడు. నువ్వు చెప్పిన కథంతా తులసికి చెప్పి నవ్వించా. ఇంతకీ బావా... నిజంగా అంతేనా?"

వెంకటరత్నం పక్కనే గ్లాసులు కడుగుతున్నాడు. బల్లమీద నలుగురున్నారు.

"అంతే" అన్నాను.

4, శనివారం

ఆ 'అంతే' నన్ను రెండు రోజులు నిలబడనివ్వలేదు. పొద్దున్నే బస్సెక్కి అమృతలూరు వెళ్ళాను.

బసవయ్యగారు అరుగు మీద గడ్డం గీయించుకుంటున్నారు. మొహమంతా నురగ. నన్ను చూడగానే మంగలితో, "ఆగరా, మా బావ వచ్చాడు, కత్తి తీసెయ్, నవ్వితే తెగుతుంది" అన్నారు.

"బావగారూ, నవ్వే మాట కాదు. ఆ రోజు చాలా నొప్పెట్టింది."

ఫక్కున నవ్వారు. మంగలీ నవ్వాడు.

"నిజమండి. కేకలేశాను."

"ఏదీ, ఆ కేక! వాడు వినలేదు, వాడికోసం ఒక్కసారి వెయ్యి!"

"బావగారూ, మందు పట్టకుండానే..."

"ఆ మొహం చూడరా, ఏడుపు మొహం ఎట్లా పెట్టాడో! ఈ మొహానికే ఆ రోజుల్లో మా ఆడవాళ్ళు కళ్ళనీళ్ళు తిరిగేలా నవ్వేవాళ్ళు!"

నా మొహం నేను పెట్టలేదు. అది నా మొహమే.

అట్లు పోయించి పెట్టారు. తిని వచ్చాను. మంగళవారం బాపట్ల నేను కూడా వస్తానని మాత్రం చెప్పాను. "వస్తే నాకు కాలక్షేపం" అన్నారు.

నా దగ్గర ఉన్నది ఒకటే పనిముట్టు. అది ఇట్లా ఎదురు తిరుగుతుందని ఎవరనుకున్నారు? ఇమాం బీకి చెప్తే, "రోజూ పులిహోర పెట్టినవాడు ఒకరోజు చేదుమందు పెడితే, అందులో కూడా పోపు వెతుక్కుంటారు" అంది. ఇట్లాంటి మాటలు ఆవిడకు ఎక్కడినుంచి వస్తాయో. దళంలో నా బదులు ఆవిడను పెట్టవలసింది.

7, మంగళవారం

ఇప్పుడే బాపట్ల నుంచి వచ్చాను. వరసగా రాస్తాను.

రైలు దిగి నేను వెళ్ళేసరికి బసవయ్యగారిని లోపలికి తీసుకెళ్తున్నారు. తులసి బయట బెంచీ మీద మాత్రల సంచీ పట్టుకుని కూర్చుంది. నేను ఆయన వెనకే గదిలోకి వెళ్ళాను. అక్కడి నర్సు, "మీరెవరండీ, బయటుండండి" అంది. డాక్టరుగారు తిరిగి చూసి, "ఓహో తాతగారా! ఇవాళ బాపట్లలో ప్రోగ్రామా? ఉండనీ అమ్మా, పేషెంటు ధైర్యంగా ఉంటాడు" అన్నారు. బసవయ్యగారు బల్లమీదనుంచే నవ్వారు.

నాకు ఒక మాట తట్టింది. ఎంత మంచిదంటే, దానికి గది గదంతా పగిలిపోయేది. మింగేశాను. ఇక్కడ కూడా రాయను.

మందు ఎక్కించారు. డాక్టరుగారు గొట్టం అందుకోబోయారు.

నేను బల్లకూ ఆయనకూ మధ్యకు వెళ్ళి నిలబడ్డాను.

"బాబూ, ఆ రోజు మీకు చెప్పిన కథలో నేనొక భాగం ఎత్తేశాను. ఆపమన్నాను మిమ్మల్ని. మళ్ళీ మళ్ళీ అన్నాను. మందు వేసిన వెంటనే గొట్టం పెట్టారు. రోడ్డు ఇరుకనే మాట నేను అక్కడ అనలేదు, ఇంటికొచ్చాక తట్టింది. అక్కడ నేను అన్నది ఆపండనే. వార్డుబాయిలిద్దరూ కాళ్ళు పట్టుకున్నారు. మా అమ్మను పిలిచాను. ఆవిడ పోయి యాభై ఏళ్ళయింది. ఏడ్చాను. 'ఇంత వయసొచ్చి ఏంటి తాతా, సిగ్గులేదా' అన్నారు సుందరమ్మ సిస్టరుగారు. సిగ్గేసింది. అందుకని నవ్వించాను."

వెనక బసవయ్యగారి నవ్వు అలవాటుగా మొదలైంది. సగంలో ఆగింది.

"అప్పుడే గట్టిగా చెప్పొచ్చుగా" అన్నారు డాక్టరుగారు.

"అప్పుడే చెప్పానండి."

ఆయన జేబులో సెల్‌ఫోను మోగింది. మోగుతూనే ఉంది.

"ఆలస్యమవుతోంది. మీరు బయట కూర్చోండి."

"ఆలస్యమే కావాలండి. ఆ మందు పట్టేదాకా. గుండె మాత్రలు వేసుకునే మనిషి."

"బావా, నువ్వు కదలకు!" అన్నారు బసవయ్యగారు వెనకనుంచి. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "డాక్టరుగారూ, ఆయన్నైనా ఉండనివ్వండి, నన్నైనా దించండి."

డాక్టరుగారి మొహం ఎర్రబడింది. ఆయన చిన్నవాడే, మా ఆయేషా కంటే రెండు మూడేళ్ళు పెద్ద ఉంటాడేమో. ఫోను తీసి, కట్టేసి, నర్సు చేతికిచ్చారు. స్టూలు లాక్కుని కూర్చున్నారు.

ఆగాం. నలుగురం. గదిలో ఫ్యాను చప్పుడు. ముందు జనముండి నేను మాట్లాడకుండా ఉండడం ఇదే మొదటిసారి. చెప్పొద్దూ, గొట్టం కన్నా అదే కష్టంగా ఉంది.

తరవాత చేశారు. బసవయ్యగారు నా చెయ్యి నలిపేశారు, పళ్ళు కొరికారు, "అబ్బా" అన్నారు. అంతే. ఈ 'అంతే' నిజం 'అంతే'.

బయటికొచ్చాక కాగితం డాక్టరుగారి చేతికిచ్చాను. నిలబడే మొత్తం చదివారు.

"ఇవాళ ఆగాను కదా. మళ్ళీ ఇది ఎందుకు?"

"ఇవాళ గదిలో నేనున్నానండి. రేపు వచ్చేవాళ్ళతో ఎవరూ ఉండరు. ఇంకో కాపీ జిల్లా వైద్యాధికారికి పోస్టు చేశానండి, రైల్వే స్టేషన్లో."

డాక్టరుగారు కారెక్కి వెళ్ళిపోయారు. పక్కన నడిపించుకోలేదు.

బసవయ్యగారు తులసి ఇంట్లో మంచం మీద పడుకున్నారు. తరవాత, "మొన్న గడ్డం గీయించుకుంటుంటే చెప్పావుగా" అన్నారు.

"చెప్పాను."

"నవ్వాను."

"నవ్వారు."

 తులసి మజ్జిగ తెచ్చింది.

11, శనివారం

నిన్న నరసింహం ఫోను చేశాడు. "పెద్దాయనా, పద్నాలుగో తారీఖు రానక్కర్లేదు. డాక్టరుగారు మీ కేసు చూడనన్నారు. గుంటూరు వెళ్ళండి." పెట్టేశాడు.

ఇమాం బీ "చెప్పానా?" అంటుందని చూశాను. అనలేదు. గుంటూరు వెళ్ళడానికి ఉతికిన పంచె తీసిపెట్టింది.

సుందరమ్మ బజారులో ఆయేషాకు కనపడిందట. "మీ నాన్నమీద కోపంగా ఉన్నారమ్మా అందరూ. నాకూ ఉంది. ఇవాళ రేపల్లెలో మాత్రం మందు వేసి ఆగారంట. వచ్చే మంగళవారం ఏం చేస్తారో చెప్పలేను" అందట. జిల్లా వైద్యాధికారి దగ్గరనుంచి ఇంకా ఏమీ లేదు. వస్తే విచారణ అంటారు. అప్పుడు మళ్ళీ నడిమి చోట నిలబడాలి. నిలబడతాను! తంబుర లేకపోయినా.

గుంటూరు డాక్టరు ఎట్లాంటివాడో తెలీదు. రాత్రంతా అదే ఆలోచన. పొద్దున టీ తాగుతూ ఇమాం బీతో, ఆయేషాతో, "నాకు భయంగా ఉంది" అన్నాను. ఇద్దరూ నా మొహం చూశారు. ఎవరూ నవ్వలేదు. ఆయేషా కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"అక్కడికెళ్ళి ఏం చెప్తావు నాన్నా?"

"నాకు నొప్పంటే భయం బాబూ, మందు పట్టేదాకా ఆగండి, ఆపమంటే ఆపండి. అంతే."

"అంతేనా?"

"ముందు అంతే. జోకులు తరవాత, ఆయనకు తీరికుంటే."